తొక్కలు పట్టుకున్న రంగు

ఫిబ్రవరి 26

చేతికి కట్టు కట్టిన డాక్టరమ్మ పెద్దావిడ. నా సంగతి ఆవిడకు పాతదే. కట్టు బిగిస్తూ, "కోపమొస్తే రాయి" అంది. ఏ రాయి డాక్టరమ్మా, చిన్నదా పెద్దదా అని అడిగాను. మా ఆవిడ నవ్వలేదు. తిరిగి వచ్చే దారిలో ఈ నోట్‌బుక్కు కొని నా ఒళ్ళో పడేసింది. కుడి చెయ్యి బాగానే ఉంది కాబట్టి రాస్తున్నాను. నాకు కోపమేమీ రాలేదు.

నిన్న పొద్దున పది గంటలకు ఫ్యాక్టరీ గేటు దగ్గర మా బావమరిది నన్ను కర్రతో కొట్టాడు. మా ఆవిడకు సొంత తమ్ముడు. వాడొక్కడే రాలేదు. కాలవ దిగువన ఉండే వాళ్ళు ఇరవై మంది దాకా వచ్చారు. వాడి నర్సరీలో నాలుగు వేల మొక్కలు వారం రోజుల్లో మాడిపోయాయి. నూలుకు రంగులద్దగా మిగిలిన నీళ్ళు మా ఫ్యాక్టరీ నుంచి ఆ కాలవలోకే పోతాయి. వాటిని తొట్టెలో పట్టి వదిలేది నేను. పంతొమ్మిదేళ్ళుగా ఆ వాల్వు నా చేతిలోనే ఉంది. ఇక్కడ అందరూ నన్ను నీళ్ళ మేస్త్రి అంటారు. "ఇవాళ ఏం రంగు పంపిస్తున్నావు బావా" అని వాడు నవ్వుతూ అడిగేవాడు ఒకప్పుడు.

నిన్న నవ్వలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తల మీదికి వస్తుంటే ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. మణికట్టు విరిగినప్పుడు చప్పుడు పెద్దగా రాలేదు. వాడి కళ్ళలోకి చూశాను. వాడు ఏడుస్తున్నాడు, ఏడుస్తూనే మూడో దెబ్బ వేశాడు. నా కుడి చేతిలో వాల్వు తిప్పే ఇనప కడ్డీ ఉంది. నేను కొట్టలేదు. ఈ మాట రాసుకోవాలి.

ఆరేళ్ళ కిందట అదే కడ్డీతో బాయిలరు దగ్గర పనిచేసేవాణ్ణి కొట్టాను. ఏదో మాటామాటా అనుకున్నాం, అంతే. వాడికి ఇప్పటికీ కుడి చెవి వినపడదు. పోలీసుల దాకా పోనివ్వకుండా మేనేజరు గారు అడ్డుపడ్డారు. అప్పటి నుంచి ఆయన నన్ను ఏదైనా రెండోసారి అడగవలసిన అవసరం రాలేదు.

ఫిబ్రవరి 27

కోపం రాలేదు.

మార్చి 2

మేనకోడలు వచ్చింది. బావమరిదికి ఒక్కతే కూతురు, మాకు పిల్లలు లేరు కాబట్టి మాకూ ఒక్కతే. కాలేజీలో కెమిస్ట్రీ చివరి సంవత్సరం. చేతిలో అయిదు లీటర్ల ఖాళీ డబ్బా. నా చేతి కట్టు వంక చూసి, నాన్న తరఫున నేనేమీ చెప్పను మావయ్యా అంది. చెప్పొద్దన్నాను. అప్పుడు డబ్బా ముందుకు తోసింది.

"నీళ్ళు కావాలి. కాలవలోవి కాదు, తొట్టెలోవి. నీలం రోజు ఒకసారి, ఎరుపు రోజు ఒకసారి."

ఎందుకని అడిగాను. నారింజ తొక్కల పొడి రంగును లాగేసుకుంటుందట. ఊళ్ళో జ్యూసు కొట్ల వాళ్ళు రోజూ మూటలు మూటలు పారబోస్తున్నారు, అది చాలట. తొక్కలో చదువు అనే తిట్టు విన్నాను గానీ, తొక్కల మీద చదువు ఉంటుందని నాకు తెలీదన్నాను. ఆ పిల్ల నవ్వింది. వారం తరవాత ఇంట్లో నవ్వు వినపడింది.

తండ్రి చూస్తే ఊరుకోడని పనంతా మా మేడ మీదే పెట్టుకుంది.

మార్చి 6

స్కూటరు మీద పదకొండు మూటలు తెచ్చాను, ఒంటి చేత్తో. మా ఆవిడా, మేనకోడలూ తొక్కలు కడిగి, ముక్కలు చేసి ఎండకు పరిచారు. ఎండాక దంచి, జల్లించి, మళ్ళీ కడిగారు. కడిగిన నీళ్ళు పసుపుపచ్చగా వస్తూనే ఉన్నాయి. ఆ పసుపు పోయేదాకా కడగాలట, లేకపోతే మన రంగు తీసి దాని రంగు ఇస్తుందట. మనుషుల్లోనూ అలాంటివాళ్ళు ఉన్నారని మా ఆవిడ అంది, నా వంక చూడకుండా.

మార్చి 9

ఇవాళ నీలం.

మూరెడు ప్లాస్టిక్ పైపు నిలబెట్టి, అడుగున గుడ్డ బిగించి, పొడి నింపింది. పైనుంచి తొట్టె నీళ్ళు పోసింది. సిరా కన్నా చిక్కగా ఉన్నాయి. పొడి పైభాగం నల్లబడింది. ఆ నలుపు కొంచెం కొంచెంగా కిందికి దిగుతోంది. కింద గ్లాసులోకి మొదటి చుక్క పడింది, పదో చుక్క పడింది, గ్లాసు సగం నిండింది. అవి మంచినీళ్ళలా ఉన్నాయి. గ్లాసు వెనక మా ఆవిడ వేలు పెడితే గోరు మీది గీత కూడా కనపడింది.

తాగొద్దు, రంగు పోయిందంతే, ఉప్పు అలాగే ఉంటుంది అని పిల్ల హెచ్చరించింది. నేను తాగబోవడం లేదు. ఊరికే పట్టుకుని చూస్తున్నాను. ఎంతసేపు చూశానో తెలీదు. పంతొమ్మిదేళ్ళు.

మార్చి 12

ఎరుపు పట్టలేదు. పైన పోసింది పోసినట్టే కిందికి వచ్చింది. మేనకోడలు లేచి బకెట్టును ఒక్క తన్ను తన్నింది. పిట్టగోడంతా ఎర్రగా అయింది. ఆ కాలు అచ్చం వాళ్ళ నాన్నదే. ఆ తరవాత తనే కూర్చుని గోడ తుడిచింది. నీలానికి తొక్క అంటే ఇష్టం, ఎరుపుకు పడదు, పైగా ఎరుపు నీళ్ళలో అద్దకానికి వేసే సోడా ఎక్కువ అంది. నాకు అర్థమయ్యేలా చెప్పాలని అలా చెప్పింది.

మార్చి 16

తొక్కలను గాలి తగలకుండా డబ్బాలో మూసి బొగ్గు చేసింది. ఎరుపు నీళ్ళలో కొద్దిగా యాసిడ్ కలిపి సోడా విరిచింది. ఈసారి పట్టింది. నీలమంత తేటగా రాలేదు, కొంచెం లేత గులాబీ. అయినా పట్టింది. అడుగు గుడ్డ విప్పి బొగ్గు చూపిస్తూ, రంగు ఎక్కడికీ పోలేదు మావయ్యా, ఇందులోనే ఉంది, దీన్ని మళ్ళీ కాలవ గట్టున పారబోస్తే చేసిందంతా దండగ అని చెప్పింది. వాడేసిన పొడినంతా సంచులకెత్తి మూతులు కుట్టి పెట్టింది.

మార్చి 17

మేనేజరుకు తెలిసింది. నేను డబ్బాలు మోసుకెళ్ళడం గేటువాడు చూసి చెప్పాడు. గదిలోకి పిలిచాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన కుర్చీ చూపించాడు. ఈ ఫ్యాక్టరీలో ఆ కుర్చీలో నేను కూర్చోవడం ఇదే మొదలు.

"తొక్కలో ఫిల్టరు అనుకున్నానయ్యా. అదే మన పరువు కాపాడేలా ఉంది" అన్నాడు. ఇరవై ఎనిమిదో తారీఖున తనిఖీవాళ్ళు వస్తున్నారట. తొట్టె దగ్గర నాలుగు డ్రమ్ములు పెట్టిస్తాడట. పిల్లకు ఇక్కడే ఒక గది, ఒక ఉద్యోగం ఇస్తాడట.

చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకుంటే కాగితం తీసి లెక్క వేసుకుంది. మేము రోజూ వదిలేదాంట్లో పదో వంతుకు నాలుగు డ్రమ్ములు సరిపోతాయి, నలభై కావాలి అంది. మేనేజరు తప్పకుండా అన్నాడు, తనిఖీ అవగానే అన్నాడు.

మార్చి 22

తొట్టె అడుగు నుంచి గోడ కిందుగా ఇంకో పైపు వేశాను. గోడ అవతల తూము దాటాక కాలవలో కలుస్తుంది. వానలొస్తే తొట్టె పొర్లుతుంది, అందుకని. వానల కోసమే. మట్టి కప్పి నేనే తొక్కాను. వాల్వు మీద రేకు పెట్టాను, ఎవరి కాలైనా తగిలి పడతారని.

మేనకోడలికి చెప్పవలసినంత విషయం కాదు.

మార్చి 28

తనిఖీవాళ్ళు ముగ్గురొచ్చారు. డ్రమ్ముల్లోంచి తేట నీళ్ళు సన్నటి ధారగా పడుతున్నాయి. మేనకోడలు తెల్లకోటు వేసుకుని అంతా వివరించింది. సీసాల్లో పట్టుకుని వెళ్ళారు. మేనేజరు దిగువవాళ్ళను కూడా పిలిపించాడు. వాళ్ళు గుంపుగా దూరంగా నిలబడ్డారు. బావమరిది ఒక్కడే ముందుకొచ్చి ధార కింద చెయ్యి పెట్టాడు. తీసి చూసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. ఆ తరవాత నా దగ్గరికొచ్చి, నా ఎడమ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కట్టు మీద నుదురానించాడు.

"నిన్ను ఇదే చేత్తో కొట్టాను బావా."

పోనీలే అన్నాను. మధ్యాహ్నం భోజనానికి వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. అక్కా తమ్ముళ్ళు నెల రోజుల మాటలు ఒక్క పూటలో మాట్లాడుకున్నారు. నాకు ముద్ద దిగలేదు. నొప్పి మాత్రల వల్ల ఆకలి చస్తుంది.

ఏప్రిల్ 1

నలభై డ్రమ్ముల మాట మేనేజరు ఎత్తలేదు. వాన లేదు. వాల్వు తెరిచాను.

ఏప్రిల్ 2

తెరిచాను. ఒక గంట.

ఏప్రిల్ 3

రెండు గంటలు. తొట్టె నిండితే అద్దకం ఆగిపోతుంది, అద్దకం ఆగితే వందమంది ఇళ్ళకు పోవాలి. ఇది నా ఒక్కడి సంగతి కాదు.

ఏప్రిల్ 5

పొద్దున్నుంచి సాయంత్రం దాకా.

ఏప్రిల్ 6, 7, 8

అలాగే.

ఏప్రిల్ 9

కాలవ ఎర్రబడింది. బావమరిది మేకలు మూడు చచ్చాయి. నాలుగోది గట్టున పడుకుని కాళ్ళు కొట్టుకుంటోంది. దాని మూతీ, నాలుకా ఎర్రగా ఉన్నాయి. అది రక్తం కాదు, రంగు.

దిగువవాళ్ళు ఫ్యాక్టరీకి రాలేదు. నేరుగా మేనకోడలి మీదికి వెళ్ళారు. ఉద్యోగం కోసం మమ్మల్ని అమ్మేసింది, తొక్కల పేరు చెప్పి మా నోట్లో మట్టి కొట్టింది అన్నారు. ఆ పిల్ల కాలేజీ నుంచి వస్తుంటే వీధి మొగలో పట్టుకున్నారు. సంచి లాక్కుని పుస్తకాలు చించేశారు. మూతులు కుట్టి పెట్టిన పొడి సంచులను మా మేడ మీద నుంచి ఎత్తుకొచ్చి, విప్పి, తల మీద కుమ్మరించారు. ఎవరో రాయి విసిరారు. కనుబొమ చిట్లింది. నారు అమ్మే ముసలామె, చిన్నప్పుడు ఈ పిల్లను ఎత్తుకు తిరిగిన మనిషి, చెప్పు తీసి ముఖం మీద కొట్టింది.

నేను స్కూటరు మీద వచ్చేసరికి బావమరిది జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్తున్నాడు. అడ్డం నిలబడతాడనుకున్నాను. వాడు కూతురి జుట్టు పట్టుకున్నాడు. ఒక దెబ్బ, మళ్ళీ ఒక దెబ్బ. "ఎంతకి అమ్మావే, చెప్పు" అంటున్నాడు. ఆ పిల్ల చేతులు అడ్డం పెట్టుకోలేదు. "నా డ్రమ్ముల్లోంచి తేట నీళ్ళే వస్తున్నాయి నాన్నా, వచ్చి చూడు" అని మాత్రం అంటోంది. నోట్లోంచి పొడీ నెత్తురూ కలిసి వస్తున్నాయి. అన్నదే అంటోంది. వాడు కొట్టిందే కొడుతున్నాడు.

నేను వాణ్ణి వెనక నుంచి పట్టి లాగాను. వదిలాడు.

లాగాను. అంతకన్నా ఏం చేస్తాను.

ఏప్రిల్ 10

మా ఆవిడ అడిగింది, డ్రమ్ముల్లోంచి తేట నీళ్ళొస్తుంటే కాలవలోకి ఎరుపు ఎక్కణ్ణుంచి వస్తోందని. ఎగువన ఇంకేదో ఫ్యాక్టరీ ఉందేమో అన్నాను. ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది. గట్టిగా కూడా పెట్టలేదు.

ఏప్రిల్ 11

తెరిచాను.

ఏప్రిల్ 12

ప్రమాదం జరిగింది. ఎవరైనా అడిగితే తడబడకుండా ఉండడానికి రాసుకుంటున్నాను. పొద్దున పదకొండు గంటలు. నేను బాయిలరు వైపు ఉన్నాను. కేక వినిపించి పరుగెత్తాను. మేనకోడలు తొట్టె గట్టు మీద పడి ఉంది, తల పగిలింది, వేళ్ళు నలిగాయి. మేనేజరు తొట్టెలో ఉన్నాడు. జారాడు. ఆ గట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. నేను దిగి బయటికి లాగాను. సోడా నీళ్ళకు ఆయన కళ్ళు దెబ్బతిన్నాయట. బతుకుతాడట.

నా కట్టు తడిసి మెత్తబడితే కొత్తది వేశారు. ఆయన్ని లాగేటప్పుడు తడిసింది.

ఏప్రిల్ 13

గట్టు తడిగా ఉంటుంది. అందరికీ తెలుసు.

ఏప్రిల్ 14

ఆస్పత్రిలో మేనేజరుకు మాట వచ్చింది. తనను తొట్టెలోకి తోసింది ఆ పిల్లే అని పోలీసులకు చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో నాకు తెలుసు. ఎత్తితే పైపు ఎవరు వెయ్యమన్నారో నేను చెబుతాను.

మధ్యాహ్నం బావమరిది ఇంటికి పోలీసులొచ్చారు. మేము అక్కడే ఉన్నాం. తలకు కట్టుతో పడుకున్న పిల్లను లేపారు. ఏం జరిగిందని అడిగితే, తనకేమీ గుర్తులేదు అంది. ఎవరెవరున్నారు అంటే, ఎవరినీ చూడలేదు అంది. చెబుతున్నప్పుడు నా వైపు తిరగనేలేదు. బావమరిది జీపుకు అడ్డం పడుకున్నాడు. పోలీసు ఒకడు లాఠీతో పొడిచి లేపాడు. అయినా లేవకపోతే ఇద్దరు చెరో కాలూ పట్టి పక్కకు ఈడ్చారు. వీపు చర్మం లేచిపోయింది. వాడి అరుపు ఇంకా చెవుల్లో ఉంది.

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

ఏప్రిల్ 15

పన్నెండో తారీఖున నేను బాయిలరు వైపు లేను.

ఆ పిల్ల పొద్దున్నే వచ్చి గోడ వెంబడి నడిచింది. కొత్త మట్టి చూసి చేతులతో, రేకు ముక్కతో తవ్వుకుంటూ పోయింది. పైపు తేలింది. తల ఎత్తి, ఇది ఎవరు వేశారు మావయ్యా అని అడిగింది. తెలీదన్నాను. కడ్డీ నా చేతిలోనే ఉంది, వాల్వు అప్పుడే తెరిచాను.

అప్పుడు మేనేజరు వచ్చాడు. ఆమెను మెడ పట్టి లేపి, తల వాల్వు చక్రానికేసి కొట్టాడు. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. కదల్లేదు. ఆమె పడి పైపును పట్టుకుంది. ఆ వేళ్ళ మీద బూటు పెట్టి తిప్పాడు. వేళ్ళ ఎముకలు నలగడం విన్నాను. అప్పుడూ కదల్లేదు. ఆయన చెయ్యి చాపి, "ఆ కడ్డీ ఇలా ఇవ్వు" అన్నాడు. నేను ఇవ్వలేదు. ఆయన రెండోసారి అడిగాడు.

కడ్డీ పక్కన పెట్టాను. జాగ్రత్తగానే పెట్టాను, ఆ సంగతి గుర్తుంది. రెండు చేతులతో ఆయన్ని తొట్టెలోకి తోసి, వెనకే దిగాను. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి, వేడిగా, ఎర్రగా. జుట్టు పట్టి తల ముంచాను. ఆయన పైకొచ్చాడు, మళ్ళీ ముంచాను. కాళ్ళతో నా కడుపులో తన్నాడు. గోళ్ళతో మెడ గీరాడు. ముంచి పట్టుకున్నాను. బుడగలు వస్తున్నాయి. నాకు హాయిగా ఉంది. ఆరేళ్ళుగా అంత హాయిగా లేను. ఎవరికీ చెప్పలేని మాట ఇదొక్కటే, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

"మావయ్యా, చాలు" అని గట్టు మీద నుంచి ఆ పిల్ల అన్నది వినపడింది. ఆ మాటకు నేను వదల్లేదు. కట్టు నానిపోయి మణికట్టు మళ్ళీ విరిగింది. చెయ్యి దానంతటది వదిలేసింది. నేను వదలలేదు.

పొద్దున ఇదంతా మా ఆవిడకు చెప్పాను, పైపుతో సహా. ఇరవై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి నన్ను కొట్టింది. చెంప మీద, చెయ్యి పూర్తిగా చాపి. ఆ తరవాత వెళ్ళి ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకుని వచ్చి, "పదండి" అంది.

స్టేషన్‌లో మేనకోడలు బల్ల మీద కూర్చుని ఉంది. బావమరిది వీపు ఆనించలేక కింద వంగి కూర్చున్నాడు. ఆఫీసరు ముందు చెప్పాను. ఆ పిల్ల తొయ్యలేదు, నేను తోశాను. చంపుదామనే పట్టుకున్నాను. కాలవలోకి ఎరుపు పంపిన పైపు వేసింది నేను, వెయ్యమన్నది మేనేజరు, తొమ్మిది రోజులు దాన్ని తెరిచింది నేను. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. మీద పడతాడని బావమరిది వైపు తిరిగి నిలబడ్డాను. వాడు నా వంక చూడలేదు. కూతురి పాదాల దగ్గరికి జరిగి, కట్టు కట్టిన ఆమె చేతిని తాకబోయి, తాకకుండా ఆగిపోయాడు.

నన్ను క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఆ పిల్ల ముందే మాట్లాడింది.

"ఏ రోజు ఎంతసేపు తెరిచావు మావయ్యా? నాకు తేదీలు కావాలి."

రాసి ఉంది అన్నాను. ఎక్కడ అంది. ఇంట్లో, నా నోట్‌బుక్కులో అన్నాను.

"తీసుకురా. పేజీలు చింపకు."

ఒక పోలీసును తోడిచ్చి పంపారు. అతను బయట అరుగు మీద కూర్చున్నాడు, మా ఆవిడ మంచినీళ్ళిచ్చింది. ఇవాళ్టి సంగతి ఒక్కటి రాసి ఇచ్చేస్తానని అడిగితే సరేనన్నాడు. ముందు పేజీలు తిప్పి చూశాను. చాలా చోట్ల కొట్టేసి దిద్దాలనిపించింది. కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశాను.

అతను రెండోసారి పిలుస్తున్నాడు. తేదీల వరకు నమ్మవచ్చని ఆ పిల్లకు చెప్పాలి.